కాకినాడలో అద్దె ఎలక్ట్రిక్ బండి మీద నాన్నగారితో రెండు రోజులు: యానాం దాకా వెళ్ళి రావచ్చా?

గోదారిగట్టు

నమస్కారం అండి. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. సంక్రాంతికి ఊరొస్తున్నాను, ముక్కనుమ వెళ్ళాక నాన్నగారిని రెండు రోజులు కాకినాడ తిప్పాలని ఉంది. ఆయన డెబ్భైల్లో అక్కడి పీఆర్ (పిఠాపురం రాజావారి) కాలేజీలో చదివారు, ఇప్పటికీ టీవీలో కాకినాడ పేరు వినపడితే సౌండు పెంచమంటారు. మోకాళ్ళ వల్ల ఎక్కువ నడవలేరు. కారు మాట్లాడతానంటే "అద్దంలోంచి చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా" అన్నారు. ఆటో అంటే దిగిన ప్రతిచోటా బేరం. అందుకని ఎలక్ట్రిక్ బండి అద్దెకి తీసుకుందామనుకుంటున్నాను. నాకు లైసెన్సు ఉంది, స్కూటీ రోజూ నడుపుతాను.

అద్దెకిచ్చే ఆయన ఫోనులో రెండు బళ్ళు చెప్పాడు. ఒకటి నంబరు ప్లేటే లేని చిన్నది. రెండోది ప్లేటున్నది, 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, "ఎనభై కిలోమీటర్లు గ్యారంటీ మేడమ్" అన్నాడు. చిన్నదాని అద్దె ఇందులో సగమే. జగన్నాథపురం, రేవు, ఉప్పాడ, కోరంగి, వీలైతే యానాం చూడాలని ఉంది. ఏ బండి తీసుకోమంటారు? యానాం వెళ్తే వెనక్కి వస్తుందా, లేక మధ్యలో నాన్నగారిని రోడ్డు మీద నిలబెడతానా అని టెన్షన్.

వంతెనపక్కిల్లు

చిన్నది వద్దండి, డబ్బులు మిగులుతాయని చూడకండి. 250 వాట్ల లోపు మోటారు ఉండి గంటకి 25 కిలోమీటర్లు దాటని బండికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు, ప్లేటు లేనిది అందుకే. ఒక్కరే బజారుకి వెళ్ళి రావడానికి బాగానే ఉంటుంది కానీ ఇద్దరు కూర్చుని జగన్నాథపురం వంతెన ఎక్కితే దాని ఆయాసం చూడాలి, వెనకాల ఆటోవాడు హారను మీద చెయ్యి తియ్యడు. ఇక కోరంగి వైపు 216 హైవే మీద రొయ్యల వ్యాన్లు, ఇసుక లారీలు దూసుకుపోతుంటే 25లో పోవడం పెద్దాయన్ని వెనక పెట్టుకుని చెయ్యాల్సిన పని కాదు.

పెద్ద బండే తీసుకోండి, కాకపోతే ప్లేటు రంగు చూసుకోండి. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి, అద్దెకి తిప్పేదానికి పసుపు అక్షరాలుండాలి. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ అక్కడే వస్తుంది. హెల్మెట్లు రెండు అడిగి తీసుకోండి, అడగకపోతే ఒకటే ఇస్తారు.

మొదటిరోజు ఊరు వదలకండి. పొద్దున్న ఆరున్నరకల్లా వంతెన మీదకి వచ్చి బండి ఓ పక్కకి ఆపితే కింద కాలవలో బార్జీలు కనిపిస్తాయి. డీప్ వాటర్ పోర్టు వేరే, అది ఈ మధ్యది. పాత లంగరు రేవులో మాత్రం ఓడ దూరంగా సముద్రంలోనే ఆగుతుంది, బియ్యం బస్తాలు ఈ బార్జీల మీద వెళ్ళాలి. నాన్నగారు చదువుకునేటప్పుడు చూసిన కాకినాడలో ఇప్పటికీ మారకుండా మిగిలింది ఏదన్నా ఉందంటే నా లెక్కలో ఇదే. వంతెన దాటితే జగన్నాథపురం, డచ్చివాళ్ళ వర్తక స్థావరం ఉండేది ఇక్కడే, 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. కోట చూపించమని అడగకండి, చూపించడానికి నిలబడి ఉన్నదేమీ లేదు, సందుల్లో ఊరికే తిరగాలి. ఆ సందులకి ఈ బండే కరెక్టు, చప్పుడు ఉండదు కాబట్టి నాన్నగారు చెప్పే కబుర్లు మీకు వినపడతాయి. అక్కణ్ణుంచి ఏటిమొగ వైపు వెళ్తే ఎండుచేపల వాసన ముందు వస్తుంది, తర్వాత పడవలు.

ఉప్పాడ సాయంత్రం పెట్టుకోండి. సముద్రం పోటు మీదుంటే కెరటాలు బీచ్ రోడ్డు మీదకే కొడతాయి, తుఫాను వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు కోసుకుపోతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ పోతుంది. వెళ్ళేముందు ఎవరినైనా అడగండి. బండిని ఇసుకలోకి దింపకండి, ఉప్పునీళ్ళు పడితే వెంటనే మంచినీళ్ళతో తుడిచెయ్యండి. జాందానీ నేసేవాళ్ళ ఇంటికి వెళ్తే ఒక మగ్గం దగ్గర పక్కపక్కన ఇద్దరు కూర్చుని బుటా బుటాకీ దారం చేత్తో తిప్పుతూ ఉంటారు. చీర తిరగేసి చూడండి, రెండు వైపులా పువ్వు ఒకేలా ఉంటుంది. ఉప్పాడ జాందానీకి 2009లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అయినా ఆ పేరుతో మరమగ్గం చీరలు అమ్మేవాళ్ళకి కొదవ లేదు.

మండపేట_మామ

"ఎనభై గ్యారంటీ" అన్నాడా? నాకూ అలాగే చెప్పారు. ఆ ఎనభై ఒక్క మనిషికి, కొత్త బ్యాటరీకి, గాలి లేని రోజుకి. ఇద్దరు కూర్చుని నలభైలో పోతే కిలోమీటరుకి 30 వాట్ అవర్లు సుమారుగా తింటుంది. మీ బ్యాటరీ 2 కిలోవాట్ అవర్లంటే 2000 వాట్ అవర్లు, దాన్ని 30తో భాగించండి, 66 కిలోమీటర్లు వస్తుంది. పాత బ్యాటరీ అయితే అందులోంచి పదో పదిహేనో తీసెయ్యండి. యానాం రానుపోను 60 చిల్లర, కోరంగిలో మడ అడవి దగ్గర ఆగడం అదనం. ఇంకేం మిగిలిందండి?

పోయిన మే నెలలో మా ఆవిడతో బయల్దేరా. వేసవి కదా, పైరగాలి ఎదురు కొడుతోంది, నేనేమో వెళ్ళేటప్పుడే గట్టిగా లాగించా. తాళ్ళరేవు దగ్గరికి వచ్చేసరికి మీటరు 38 శాతం చూపించింది, టీ తాగి మళ్ళీ ఎక్కి రెండు కిలోమీటర్లు పోయానో లేదో 11కి పడిపోయింది. అరిగిపోయిన బ్యాటరీ ఇంతే, లోడు పడగానే వోల్టేజీ జారిపోతుంది, మీటరు చెప్పేదంతా అబద్ధం. అద్దెకిచ్చినవాడికి ఫోను చేస్తే "ఎకానమీలో పెట్టండి సార్" అని కట్ చేశాడు. చివరికి రోడ్డు పక్క కూల్‌డ్రింకుల కొట్టు ఆవిడ ఫ్రిజ్ ప్లగ్గు పీకి నా చార్జరు పెట్టనిచ్చింది. గంటకి పది పన్నెండు కిలోమీటర్లకి సరిపడా ఎక్కుతుంది అంతే, అక్కడే రెండున్నర గంటలు కూర్చున్నాం. మా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, కొట్టు ఆవిడతో మాత్రం చుట్టరికం కలిపేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు, నాలుగు సోడాలు కొన్నాం.

మీరు వెళ్ళేది జనవరిలో కాబట్టి గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అంటే వెళ్ళేటప్పుడు హాయిగా ఉండి, చార్జింగు అయిపోయి వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఇంకా ఘోరం. యానాంకి బస్సెక్కండి, అమలాపురం బస్సులు అటే పోతాయి.

పాతకాకినాడ

అమ్మాయ్, బండి సంగతి వీళ్ళు చెప్పారు. నాన్నగారికి కాలేజీ గేటు చూపించి వచ్చెయ్యకు, పావుగంట లోపల కూర్చోనివ్వు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీ అది. 1923 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ మన ఊళ్ళోనే జరిగింది, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. అప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసింది, టికెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. ఇప్పటి రోజుల్లో అయితే ఆ పిల్లని ఆ రోజే ఇంటికి పంపేసేవారు.

కోరంగి మాత్రం వదలొద్దు, ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు, మీ బండికి భయం లేదు. అందరూ మడ అడవిలో చెక్కల వంతెన మీద ఫొటోలు దిగి వచ్చేస్తారు. అది ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ముంచింది, సైక్లోన్ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి రాశాడు. 1839 నవంబరులో ఇంకోటి వచ్చింది, ఆ దెబ్బకి రేవు మళ్ళీ లేవలేదు. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు, ఏ ఊరివాడైనా సరే. చొల్లంగి అమావాస్య ఏ రోజు పడిందో చూసుకో, ఆ రోజు స్నానాల జనంతో ఆ రోడ్డు కదలదు.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవన్నీ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. వాళ్ళ తాతగారు రంగం వెళ్ళొచ్చారని నాకు ఇవాళే తెలిసింది, ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. పసుపు అక్షరాల ప్లేటున్న బండే మాట్లాడాను. మొదటిరోజు ఊరు, ఉప్పాడ. రెండోరోజు కోరంగి. యానాం బస్సులో. లాడ్జిలో చార్జింగుకి ఒప్పుకుంటారా?

వంతెనపక్కిల్లు

ముందే అడిగి గది తీసుకోండి. బ్యాటరీ బయటికి తీసేదైతే గదిలోకి తెచ్చుకోవచ్చు కానీ పది కిలోల పైనే ఉంటుంది, నాన్నగారి చేత మోయించకండి. అన్నట్టు యానాం వెళ్ళేవాళ్ళంతా పెట్రోలు చవకని ట్యాంకు నింపుకుని వస్తారు, ఆ సరదా మీకు ఎలాగూ లేదు. కోటయ్య కాజా మాత్రం చివరిరోజు కొనండి. మొన్న మా బావమరిది మధ్యాహ్నం ఎండలో డిక్కీలో పెట్టి ఉప్పాడ తీసుకెళ్ళాడు, గొట్టం కాజా పాకమంతా కారి చార్జరు వైరుకి పట్టుకుంది, చీమలు ఇప్పటికీ వస్తున్నాయి.