అప్‌డేట్: ట్రక్కు డ్రైవ్‌షాఫ్ట్ రీకాల్ పని పూర్తయింది, ఖర్చు సంగతి ఇంకా తేలలేదు

అమెరికాలో సొంత ట్రక్కు నడుపుకొనే నాకు డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే తిరిగే కడ్డీ) జాయింటు బోల్టులు వదులయ్యే ప్రమాదం ఉందని తయారీదారు నుంచి రీకాల్ లేఖ (లోపమున్న బండిని తెచ్చి సరిచేయించుకోమనే పిలుపు) వచ్చిందనీ, అంతకుముందే ఒక జాయింటును సొంత ఖర్చుతో మార్పించాననీ, ఆ డబ్బు తిరిగి వస్తుందా అనీ ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన వారికి కృతజ్ఞతలు.

డీలరు 17 అక్షరాలూ అంకెలూ ఉండే విన్ (వాహన గుర్తింపు) నంబరుతో సరిచూసి, బోల్టులన్నీ కొత్తవి వేసి, నిర్ణీత టార్క్‌కు (తిప్పి బిగించే బలానికి) బిగించాడు. ఫెడరల్ చట్టం ప్రకారం రీకాల్ మరమ్మతు ఉచితం కాబట్టి పైసా తీసుకోలేదు. షాఫ్ట్ ఊడితే పార్కింగ్ బ్రేకు పట్టదేమోనన్న నా అనుమానాన్ని కూడా అక్కడి మెకానిక్ తీర్చాడు: ఇటువంటి ట్రక్కుల్లో స్ప్రింగ్ బ్రేకులు (గాలి పీడనం తగ్గితే స్ప్రింగు బలంతో పట్టే పార్కింగ్ బ్రేకులు) నేరుగా చక్రాల దగ్గరే పనిచేస్తాయి కనుక బండి నిలుస్తుంది, అయితే నడుస్తుండగా ఊడిన షాఫ్ట్ బ్రేకుల గాలి గొట్టాలను తెంపవచ్చు, రోడ్డు మీద పడి వెనుక వచ్చే వాహనాలకు ముప్పు తేవచ్చు. లేఖ అందాక కూడా సరుకు దింపి వద్దామనుకునేవారు ఈ మాట గమనించాలి.

ముందే చేయించిన మరమ్మతుకు రశీదు, పనివివరాల కాగితం జతచేసి తయారీదారుకు దరఖాస్తు పంపాను, జవాబు రాలేదు. బండి ఆగిన రోజుల్లో పోయిన కిరాయి మాత్రం ఈ ఉచిత మరమ్మతు కిందికి రాదట. నా మటుకు అసలు నష్టం అదే.