మినీ పంది కళ్ల మీదికి కొవ్వు దిగింది, దాణా ఎంత తగ్గించాలి?

ప్రశ్న (డాలస్ నుంచి):
నాలుగేళ్ల పాట్‌బెల్లీ (పొట్ట వేలాడే చిన్న జాతి) మగపంది, న్యూటర్ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) అయింది. త్రాసు మీద నిలబడదు. టేపుతో కొలిస్తే ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 42 అంగుళాలు, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా 38. ఫీడ్ స్టోర్‌లో దొరికే హాగ్ గ్రోయర్ (ఎదిగే ఫారం పందుల దాణా) రోజుకి 900 గ్రాములు పెడుతున్నాం. దాని పైన మిగిలిన అన్నం, అరటిపండ్లు. ఈమధ్య గోడలకి గుద్దుకుంటోంది. దాణా సగానికి కోసేయమంటారా?

జవాబు 1:
సగానికి వద్దు. ముందు బరువెంతో చూద్దాం. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 400తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. మీ లెక్కకి దాదాపు 168, అంటే 76 కిలోలు. ఈ సూత్రం ఫారం పందుల కోసం చేసింది, పొట్ట వేలాడే జాతికి కచ్చితంగా కుదరదు. అయినా రెండు వారాలకోసారి, దాణా పెట్టకముందే, అదే చోట టేపు వేస్తే తగ్గుతోందో లేదో తెలిసిపోతుంది.

అంకె కంటే చేతిని నమ్మండి. తుంటి మీద అరచేయి ఆనించి కాస్త నొక్కితే ఎముక తగలాలి. గట్టిగా నొక్కినా తగలకపోతే లావు. నొక్కకుండానే పొడుచుకొస్తే బక్క.

అసలు తప్పు గ్రోయర్‌ది. అది పందిని ఆరు నెలల్లో మాంసానికి సిద్ధం చేయడానికి తయారైన దాణా. మినీ పందుల మెయింటెనెన్స్ పెల్లెట్స్‌కి (ఎదిగిన పందికి పెట్టే దాణా గుళికలు) మారండి, కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్నవి చూసుకోండి. వారం పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది కలపండి, లేదంటే విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత రెండు వారాలకోసారి పదో వంతు తగ్గించండి: 900, 810, 730, 655, 590. అక్కడ ఆగి చూడండి. కప్పుతో కొలవద్దు, వంటింటి త్రాసు మీద తూచండి. ఒక్కో బ్రాండు కప్పుకి ఒక్కో బరువు తూగుతుంది.

అన్నం, అరటిపండు ఇవాళే మానేయండి. కీరా, లెట్యూస్, సొరకాయ ముక్కలు పెట్టొచ్చు. పచ్చళ్లు, ఉప్పు జీడిపప్పు వాసన కూడా చూపించకండి.

జవాబు 2 (పశువైద్యం):
గుద్దుకోవడానికి కారణం చాలావరకు కనురెప్పల పైన పేరుకున్న కొవ్వే. ముడతలు కంటి మీదికి జారి, రెప్ప వెంట్రుకలు కనుగుడ్డుని గీకుతాయి. కంట్లోంచి నీరు, పుసి కారుతుంటే ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. ఒళ్లు తగ్గినా కంటి దగ్గరి కొవ్వు ఆఖరున కరుగుతుంది, నెలలు పడుతుంది. అందాకా దగ్గరికి వెళ్లేముందు దాన్ని పిలవండి. చూపు ఆనని పంది ఉలిక్కిపడి కరుస్తుంది.

గిట్టలు పెరిగి ఉంటే ముందు కత్తిరించాలి, లేకపోతే నడిపించినా కీళ్ల మీదే భారం పడుతుంది. దాణా తగ్గించినా నీళ్లు మాత్రం తగ్గించకూడదు. ఒకటి రెండు రోజులు నీళ్లు అందక, తర్వాత ఒక్కసారిగా తాగితే ఉప్పు విషమై ఫిట్స్ వస్తాయి.

ఆడపందులు ఉన్నవాళ్లకి ఒక మాట. స్పే (ఆడపందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించని ముసలి ఆడపందికి పొట్ట పెరుగుతూ వెన్నెముక తేలితే అది కొవ్వు కాదు. గర్భసంచిలో గడ్డ అయి ఉండొచ్చు. డైట్ పెట్టకుండా స్కాన్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇల్లు పీకి పందిరేస్తోంది. దీనికేం చేయాలి?

జవాబు 3 (లండన్ నుంచి):
అరిచినప్పుడు ఒక్కసారి పెట్టారా, ఇక రోజూ అరుస్తుంది. చేత్తో పెట్టడం, ఫ్రిజ్ దగ్గర పెట్టడం రెండూ మానండి. ఇక్కడ బ్రిటన్‌లోనైతే వంటింట్లోంచి వచ్చిన తిండి పెంపుడు పందికి పెట్టడం చట్టరీత్యానే నేరం, ఆ గొడవే ఉండదు.

పెల్లెట్స్‌ని గిన్నెలో పోయకండి, రెండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది. పొద్దుటి వాటా గడ్డిలో చల్లండి. సాయంత్రానిది, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ టబ్బులో గుప్పెడు పెద్ద నున్నటి రాళ్లు వేసి వాటి మధ్య పోయండి. నోట్లో పట్టని సైజు రాళ్లే ఉండాలి. ముట్టెతో ఒక్కో రాయి తిప్పుకుంటూ అరగంట తింటుంది. పొట్ట ఖాళీగా అనిపించకుండా మామూలు ఎండుగడ్డి వేయండి. అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) వద్దు, దాంట్లో కేలరీలు ఎక్కువ.

జవాబు 1:
పై టబ్బు పద్ధతి డాలస్ ఎండల్లో మధ్యాహ్నం వద్దు. పందికి చెమట పట్టదు, లావుపాటిదానికి వడదెబ్బ ఇట్టే తగులుతుంది. నడకైనా తవ్వుడైనా ఎండెక్కకముందే కానిచ్చేయండి.