అట్టిపెట్టింది అటకెక్కితే పోయినట్టేనా?

మొదటి పోస్టు

ఏదైనా పథకం ఆగిపోతే పేపర్లో ‘అటకెక్కింది’ అని రాస్తారు. ఫైలు కదలకపోయినా అదే మాట, మొదలుపెట్టిన సినిమా మధ్యలో ఆగినా అదే మాట. చదివేవాళ్లకు చప్పున అర్థమవుతుంది, ఇక దాని సంగతి మరిచిపోవచ్చని.

కానీ ఇంట్లో మనం అటక మీద పెట్టేది వదిలేసిన వస్తువుని కాదు కదా? వదిలేసిందైతే పాత సామాన్ల బండికి వేసి ఉల్లిపాయలు తెచ్చుకుంటాం. అటక మీదికి పోయేది ‘ఎందుకైనా మంచిది’ అని అట్టిపెట్టిన సరుకు. సొట్టపడ్డ ఇత్తడి బిందె, పెళ్లిళ్లకు తప్ప పొయ్యెక్కని గుండిగ, విప్పేసిన ఫ్యాను రెక్కలు, టీవీ వచ్చిన అట్టపెట్టె (రిపేరుకి పంపాల్సి వస్తే కావాలి కదా అని. టీవీ పోయింది, పెట్టె ఉంది), మూతలున్న హార్లిక్స్ సీసాలు, ఉయ్యాల చెక్క. వీటిలో ఒక్కటి కూడా పోయినట్టు లెక్క కాదు. ఉన్నట్టే లెక్క. ఇల్లు ‘ఉండనీ’ అనుకుని పెట్టిన చోటే పేపర్లో ‘పోయింది’ అనడానికి పనికొచ్చింది.

ఇలా దాచుకునే పనికి సంబంధించిన మాట పోగొట్టుకోవడానికి వాడుకైన సందర్భాలు ఇంకేమైనా ఉన్నాయా? తడితే రాయండి. మీ వైపు అటకను ఏమంటారో కూడా చెబితే సంతోషం.

హైదరాబాద్ నుంచి

ముందు చిన్న సందేహం అండీ. అటక, అట్టిపెట్టు రెండూ ఒకే మాట నుంచి వచ్చాయా? అటక మీద పెట్టేది కాబట్టి అట్టిపెట్టడం అయిందా?

మొదటి పోస్టు రాసినవారు

వినడానికి బాగుంది గానీ, కాదండీ. అట్టిపెట్టులో ఉన్నది అట్టే. ‘అలాగే’ అని అర్థం. ‘దాన్ని కదపకు, అట్టే పెట్టు’ అంటాం చూడండి, అది. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడం. ముఖ్యమంత్రి మంత్రుల శాఖలు మార్చినప్పుడు ఫలానా శాఖను తన దగ్గరే అట్టిపెట్టుకున్నారని రాస్తారు, అక్కడా అర్థం చెక్కుచెదరలేదు. ‘అట్టే సేపు పట్టదు’లోని అట్టే వేరే దారి పట్టింది, దాన్ని ఇందులోకి లాగితే చర్చ ఇవాళ తెమలదు.

పాత సామాన్లు అట్టిపెట్టే మనిషికి ఈ క్రియ అచ్చంగా సరిపోతుందని నా అభిప్రాయం. దాచడంలో కొంత దొంగతనం వాసన ఉంది, కూడబెట్టడంలో డబ్బు ఉంది. అట్టిపెట్టడంలో ఆశ తప్ప ఏమీ లేదు.

నంద్యాల వైపు నుంచి

మీరు అడిగిన రకం మాట మా దగ్గర ఒకటుంది. పాతర.

పేపర్లో ‘నిబంధనలకు పాతర’ అంటారు, ‘విలువలకు పాతర వేశారు’ అంటారు. చంపి పూడ్చేశారని భావం. పాతర అంటే మా పెద్దవాళ్లకు మాత్రం ప్రాణాలు నిలబెట్టే గొయ్యి. నీరు ఊరని గట్టి నేల చూసి తవ్వేవాళ్లు. నోరు చిన్నది, లోపల వెడల్పు. అడుగునా చుట్టూతా గడ్డి మందంగా పేర్చి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మూసేసేవాళ్లు. పైనుంచి చూస్తే అక్కడ గింజలున్నాయని తెలియదు. కరువు వచ్చినప్పుడు తీసేవాళ్లు.

తెరవడానికీ ఒక పద్ధతి ఉంది. మూత తీయగానే ఎవరూ దిగకూడదు. లోపల గాలి చెడి ఉంటుంది, దిగినవాడు ఊపిరాడక అక్కడే పడిపోతాడు. కొంతసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగడం. నిజానికి గింజను కాపాడింది ఆ చెడ్డ గాలే. గింజలూ పురుగులూ లోపలున్న ప్రాణవాయువును వాడేసుకున్నాక పురుగు బతకదు, జొన్న నిలుస్తుంది.

ఇంత తెలివైన ఏర్పాటుని తీసుకెళ్లి అన్యాయాలు పూడ్చే గోతిని చేశారు.

మొదటి పోస్టు రాసినవారు

సార్, మీరు దీన్ని తవ్వి తీసినందుకు చాలా థాంక్స్. పాతర మంచి అర్థంలో ఇంకా బతికే ఉంది, పాడి రైతుల దగ్గర. సైలేజీని మన పశువైద్యులు పాతర గడ్డి అంటారు. పచ్చి మొక్కజొన్నను కంకి పాలు పట్టే దశలో కోసి, ముక్కలు కొట్టి, గోతిలో తొక్కి గాలి చొరకుండా కప్పేస్తారు. నెలన్నర, రెండు నెలలు పోయాక తీసి వేసవిలో పశువులకు వేస్తారు. అదే పేపర్లో వ్యవసాయం పేజీలో పాతర మంచిది, మొదటి పేజీలో చెడ్డది.

కరీంనగర్ నుంచి

మా దిక్కు అటుక అంటం. స్లాబు ఇండ్లు వచ్చినంక సజ్జ అనుడు ఎక్కువైంది. ‘ఆ సందుగ సజ్జ మీద పెట్టు’ అంటే పిల్లలకు కూడా తెలుసు. అటుక కర్రలతోని చేసిందైతే సజ్జ సిమెంటుది, అంతే ఫరక్. అయితే ‘సజ్జకెక్కింది’ అని ఎవరూ అనరు. నుడికారం మాత్రం అటకతోనే ఆగిపోయింది.

ఇంకో మాట మీ లిస్టులో వేసుకోవచ్చేమో చూడండి. రద్దీ. బస్టాండ్ల జనం ఎక్కువ ఉంటే రద్దీ అంటరు. హైదరాబాద్‌ల పాత పేపర్లు కొనేటాయన కూడా రద్దీ అనే అరుస్తడు. కొత్తగా వచ్చినవాళ్లు పరేషాన్ అయితరు. నాకైతే ఇంట్ల జమచేసిన పేపర్ల కట్టలు చూసినప్పుడు రెండు అర్థాలూ ఒకటే అనిపిస్తది, మంచం కింద కాలు పెట్ట జాగ ఉండదు.

విజయవాడ నుంచి, తెలుగు టీచర్

అందరూ నామవాచకాన్ని పట్టుకున్నారు. తిరకాసు క్రియలో ఉంది, చూడండి.

ఇంట్లో ఎవరూ ‘బిందె అటకెక్కింది’ అనరు. ‘బిందె అటక మీద పెట్టాను’ అంటారు. పెట్టిన మనిషి ఉంది, ఎందుకు పెట్టిందో ఆమెకు తెలుసు, ఎవరైనా అడిగితే నిచ్చెన వేసి దింపుతుంది. పేపర్లో మాత్రం ఫైలు తనంతట తానే ఎక్కింది. ఎక్కించినవాడు వాక్యంలో లేడు. ‘మూలన పెట్టాను’, ‘మూలన పడింది’ కూడా ఇంతే. కుర్చీ మూలన పెట్టినదైతే మళ్లీ కూర్చుంటాం. మూలన పడిందంటే అది ఇక లేవదు. పెట్టు ఉన్నంతసేపూ వస్తువుకి దిక్కుంది. ఎక్కు, పడు వచ్చాయంటే అది అనాథ.

పెట్టు, వేయు మధ్య కూడా ఇదే పేచీ. ఒకే ‘తీయు’ నుంచి తీసిపెట్టు ఒకటి, తీసేయ్ ఒకటి. మా ఇంట్లో దసరా ముందు బూజులు దులిపేటప్పుడు వినపడే సంభాషణ మొత్తం ఇదే.

‘అత్తయ్యా, ఈ కుక్కర్ రబ్బరు తీసేయనా?’

‘తీసిపెట్టు.’

‘కుక్కరే లేదు కదా మనకి.’

‘రబ్బరు కదమ్మా, ఉండనీ. సీసా మూతలు బిగుసుకుపోతే పనికొస్తుంది.’

పనికొచ్చింది కూడా. ఊరగాయ సీసా మూత రాకపోతే ఆ రబ్బరు చుట్టి తిప్పితే జారకుండా వచ్చింది. ఆ రోజు నుంచి కోడలు ‘తీసేయనా’ అని అడగడం మానేసింది. ఆ కోడల్ని నేనే.

కట్టిపెట్టు అనే మాట కూడా గమనించండి. మూట కట్టి పక్కన పెట్టడమే దాని పుట్టుక. ఇవాళ ‘నీ కబుర్లు కట్టిపెట్టు’ అంటే ఆపమని గద్దింపు.

మొదటి పోస్టు రాసినవారు

టీచర్ గారూ, మీ వ్యాఖ్య చదివాక నా ప్రశ్నే మార్చుకోవాలనిపిస్తోంది. చెడ్డ అర్థం అటకకు రాలేదు, పెట్టినవాణ్ణి దాచేసిన వాక్యానికి వచ్చింది. ఆఫీసులో పుట్టిన మాటతో పోలిస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. బుట్టదాఖలు చూడండి. అక్కడ బుట్ట చెత్తబుట్టే, వేసినవాడికి మళ్లీ తీసే ఉద్దేశం లేదు. అందులో మోసం లేదు, పుట్టుకతోనే అది పారేసే మాట. అటకెక్కింది అన్నప్పుడు మాత్రం మర్యాద మిగిలింది, ‘పారేయలేదండీ, పైన ఉంది’ అన్నట్టు. అర్జీ పెట్టుకున్నవాడికి రెండూ ఒకటే.

క్రికెట్ వార్తల్లో ‘చాప చుట్టేశారు’ అన్నది కూడా ఇలాంటిదే అని ఎవరో మెసేజ్ పెట్టారు. నిజమే, చాప చుట్టి గోడకి ఆనించేది రాత్రికి మళ్లీ పరుచుకోవడానికి. ‘అపకీర్తి మూటగట్టుకున్నారు’ కూడా చేరుతుంది. మూటలో అపకీర్తి తప్ప ఏమీ కట్టరు పేపరువాళ్లు.

గుంటూరు జిల్లా నుంచి, పెద్దావిడ

మా ఇంట్లో అటక మీద నుంచి ఏటా దిగేవి బొమ్మలు. సంక్రాంతికి కొలువు పెడతాం, కొందరు దసరాకి పెడతారు. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, తేలిగ్గా ఉంటాయి, చెయ్యి తగిలితే రంగు పెచ్చు లేస్తుంది. అందుకని ఒక్కోదాన్నీ పాత నేత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పడుకోబెడతాను. ఏ బొమ్మ ఏ చీర ముక్కలో ఉందో నాకు తెలుసు. ఏనుగు అంబారీ మా అమ్మ చీరలో ఉంటుంది. ఇవి ఏటా అటకెక్కుతాయి, ఏటా దిగుతాయి నాయనా, పోయింది ఏదీ లేదు.

మీరంతా మంచి మాట చెడిపోవడం గురించి రాస్తున్నారు, తిరగబడి వచ్చినది ఒకటి చెబుతాను. పొత్తిళ్లు. కథల్లో ‘పొత్తిళ్లలో పసికందు’ అని ఎంత ముద్దుగా రాస్తారు. పొత్తిగుడ్డలంటే చింపిన పాత పంచెలు, నలిగిన నూలు చీరలు. ఉతికి ఉతికి మెత్తబడ్డవే కావాలి, కొత్త గుడ్డ బిడ్డ ఒంటికి గీరుకుంటుంది. కూతురు నెల తప్పిందని తెలియగానే ఇంట్లో పాత పంచెలు బయట పడేయడం ఆగిపోతుంది. చింపడం, ఉడకేసి ఉతకడం, ఎండలో ఆరేసి మడతపెట్టడం. పురుడయ్యాక మిగిలినవి తుడుచుకునే గుడ్డలవుతాయి, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. చీర ఒక్కటే, దశను బట్టి పేరు మారుతుంది.

హైదరాబాద్ నుంచి

అమ్మా, చాలా బాగా చెప్పారు. కానీ నేను పేపర్ల పక్షాన ఒక మాట అంటాను, ఎవరూ తిట్టొద్దు. బొమ్మలు దిగుతాయి, గుండిగ దిగుతుంది. మిగతావి దిగుతున్నాయా? ఇల్లు మారినప్పుడు చూశాం, అటక మీద పాత ఇంటి స్విచ్‌బోర్డు ఉంది, ఏ ఫోన్‌దో తెలియని చార్జర్లు ఒక కవర్ నిండా, ఆ కవర్‌లో ఇంకా కవర్లు. పేపరువాడు ఊరికే అనలేదు. ఎక్కినవి దిగని ఇళ్లు చూసే ఆ మాట పుట్టి ఉంటుంది. మాట చెడిపోలేదు, మనం చేసేదే చెప్పింది.

మొదటి పోస్టు రాసినవారు

తిట్టేదేమీ లేదండీ, ఇది బలమైన వాదనే. ఒప్పుకోను గానీ. ఆ చార్జర్ల మీద మీకున్న ఉద్దేశం ఏమిటి? ‘ఎప్పుడైనా పనికొస్తుంది’. పనికి రావడం అనే మాటలోనే వస్తువు తనంతట తాను పనిలోకి వచ్చినట్టుంది, మనం పిలవక్కర్లేదు, దాని రోజు వస్తే వస్తుంది. ఆ ఉద్దేశం ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్ల భాషలో అది ‘ఉంది’. ఫైలు విషయంలో ఆ ఉద్దేశం ఎవరికీ లేదు. వస్తువు దిగిందా లేదా అన్నది కాదు నా లెక్క, దింపాలన్న మాట మీద ఎవరైనా ఉన్నారా అన్నది.

మీ చార్జర్లు మాత్రం తీసేయండి.

బెంగళూరు నుంచి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. ఇంట్లో అటక అంటాం, పక్కింటివాళ్లు అట్ట అంటారు. వస్తువు అదే, మాట కూడా దగ్గరిదే. కన్నడంలో ‘హొగళి అట్టక్కేరిసు’ అని ఒక పలుకుబడి ఉంది. పొగిడి అటకెక్కించడం. ఎవరినైనా లేనిపోని పొగడ్తలతో ఆకాశానికి ఎత్తేస్తే అలా అంటారు. మన మునగచెట్టు ఎక్కించడం లాంటిది. మన అటక మీద పడితే మరుపు, వాళ్ల అట్ట మీద పడితే గొప్ప.

కరీంనగర్ నుంచి

అంటే మన ఫైళ్లన్నీ బెంగళూరుకు పంపాలె.