సంతకం పెట్టాక కూడా అన్నాచెల్లెళ్లు సమానమేనా?

కృష్ణాతీరం:
నాన్న పోయి రెండేళ్లయింది. వీలునామా రాయలేదు. ఆయన సంపాదించిన మూడెకరాల్లో నా హక్కు వదులుకుంటూ పోయిన నెల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టి వచ్చాను. ఏమీ తినకుండా బస్సు దిగానని అన్నయ్యే వెళ్లి ఇడ్లీ కట్టించుకొచ్చాడు, చట్నీ కారకుండా పొట్లం తనే విప్పి నా ముందు పెట్టాడు, నేను తిన్నాక అదే చేత్తో కాగితాలు అందించాడు. వాటిలో "ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా" అని ఉంది. బలవంతం ఎవరూ చేయలేదు, నిజమే. నీకిష్టమేనా అని కూడా ఎవరూ అడగలేదు. అన్నయ్య ప్రేమ మీద నాకు అనుమానం లేదు, ఉంటే ఇంత నలిగేదాన్ని కాదు. రక్తసంబంధంలో సమానత్వం కుదిరే పనేనా, ఒకరు సర్దుకుంటేనే బంధం నిలుస్తుందా?

పెద్దకొడుకు:
అమ్మా, నేను మీ అన్నయ్య స్థానంలో ఉన్నవాణ్ణి. మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్, నాలుగేళ్లుగా నేనే తీసుకెళ్తున్నా, ఆ రెండు రోజులూ పనికి పోను. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లకు చేసిన అప్పు మొన్న సంక్రాంతికి తీరింది. పంచుకునేటప్పుడు సమానం, అమ్మను చూసేటప్పుడు మాత్రం "నువ్వున్నావుగా అన్నయ్యా" అంటే ఎలా? ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు ఎక్కువ మోస్తారు. సెంట్లు, గజాలు కొలుచుకుంటూ కూర్చుంటే మాటలు కూడా ఉండవు.

మధ్యలోది:
మేం ముగ్గురం. పొలం మూడు వాటాలు వేసుకున్నాం, నాన్న మందుల ఖర్చు కూడా మూడు వాటాలే. ఎవరెంత పెట్టారో నోట్‌బుక్‌లో రాసి దేవుడి గదిలో పెడతాం. మొదటి ఏడాది తమ్ముడు ముఖం మాడ్చుకునే తిరిగాడు, ఈ రాఖీకి మాత్రం తనే వచ్చాడు. పెద్దకొడుకు గారూ, మీ చెల్లెళ్లకు వాటా ఇచ్చి, అమ్మను చూసే రోజులు కూడా పంచి చూశారా? ఆడపిల్లకు బాధ్యత ఇవ్వరు, తర్వాత బాధ్యత లేదని వాటా ఇవ్వరు.

పెద్దకొడుకు:
లేదు. అడగలేదు. వాళ్ల అత్తగారింట్లో ఏమంటారోనని.

లా_చదివాను:
చట్టం సంగతి కొంచెం చెప్తాను. తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు అందరికీ సమాన వాటా. పిత్రార్జితంలో, అంటే తాతల నాటి నుంచి వచ్చిన ఆస్తిలో, కూతుళ్లకు హక్కు అన్నది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది, కాకపోతే అప్పటికి పెళ్లి కానివాళ్లకు. 2005 సవరణ పెళ్లయిందా లేదా అన్న షరతు లేకుండా దేశమంతా ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. ఇన్ని వచ్చినా నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ముందు అడిగేది "వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనిస్తారా మేడమ్" అనే. కట్నం ఇచ్చేశాం కదా అంటారు ఇంట్లో. ఆ కట్నం అమ్మాయి చేతికి వచ్చిందా, అత్తగారి చేతికి వెళ్లిందా? బంధం తెగుతుందన్న భయం ఒక్కరికే ఉన్నప్పుడు దాన్ని సర్దుబాటు అనకూడదని నా గట్టి అభిప్రాయం. కృష్ణాతీరం గారూ, ఇంకో మాట. మీ అమ్మగారి వాటా ఏమైంది?

కృష్ణాతీరం:
పెద్దకొడుకు గారూ, మీ రెండో పోస్టు చదివి ఏడ్చాను. మా అన్నయ్య కూడా అలాగే అడగకుండా మోస్తున్నాడేమో, నేనూ ఎప్పుడూ అడగలేదు.

మేడమ్, అమ్మ ఆ రోజు నా పక్కనే కూర్చుని తన వాటాకూ సంతకం పెట్టింది. నా గురించే ఇంత రాశాను కానీ ఆ సంగతి నాకు తట్టనే లేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. "నాకెందుకే పొలం, చూసుకునేది వాడేగా" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నన్నూ ఎవరూ అడగలేదులే" అంది. ఆదివారం ఊరెళ్తున్నాను.