గిట్టలు పగిలిపోతున్నాయి, లాడాలు తీయించాలా వద్దా?

షాద్‌నగర్ రైతు:
పొద్దుటి నుంచి వీడియోలు చూసి చూసి కళ్లు మండుతున్నాయి. ఒకరు ఈ క్షణమే లాడాలు పీకించమంటారు, ఇంకొకరు పీకిస్తే గుర్రం మూలన పడుతుందంటారు. మా ఆడ గుర్రానికి ముందు గిట్టలు రెండూ అంచుల దగ్గర పెచ్చులుగా రాలుతున్నాయి. ఎడమదానికి నిలువునా పగులు వచ్చింది. మేకు నిలవడం లేదు. లాడాలు కొట్టే ఆయన ఇంకో రెండు మేకులు వేస్తే సరిపోతుందంటున్నాడు. ఎల్లుండి పెళ్లి ఊరేగింపు ఒప్పుకున్నాను. సూటిగా చెప్పండి, తీయించాలా, ఉంచాలా?

పాత సవారి:
ఫొటో పెట్టండి.

వేపచెట్టు నీడ:
గిట్టలో తడి ఆరిపోతేనే పగుళ్లు వస్తాయండి. ఆముదం, వేపనూనె సమపాళ్లలో కలిపి గోరువెచ్చగా చేసి పొద్దున, సాయంత్రం రాయండి. మా తాతగారి రోజుల్లో జట్కా గుర్రాలకు ఇదే మందు. ఈ కాలంలో ప్రతిదానికీ డబ్బాల్లో వచ్చే మందులు కొనడం అలవాటైపోయింది. ఇంట్లో ఉన్నది ఎవరికీ ఆనదు.

పాత సవారి:
నూనె రాస్తే మెరుస్తుంది, అంతే. పగులు అతుక్కోదు. కొత్త గిట్ట పై అంచు నుంచి నెలకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి. ముందు భాగం పూర్తిగా మారేందుకు ఏడాది దగ్గర పడుతుంది. ధనుర్వాతం టీకా వేయించారా?

షాద్‌నగర్ రైతు:
ఫొటో పెట్టాను. పాకలో వెలుతురు తక్కువ. టీకాకూ దీనికీ సంబంధం ఏమిటి?

పాత సవారి:
గుర్రాలకు ధనుర్వాతం తొందరగా సోకుతుంది. గిట్టలో చిన్న చిల్లు చాలు. ఆ ఫొటోలో మీ చెప్పు తప్ప ఏమీ కనిపించడం లేదు.

లాడాలవారి అబ్బాయి:
రెండు మేకులు ఎక్కువ వేయడం మాత్రం వద్దు. మేకు మేకుకూ ఒక చిల్లు. చిల్లులన్నీ ఒక వరసలో పడితే గిట్ట పెంకు అక్కడే చిరుగుతుంది, తపాలా బిళ్లల మధ్య చిల్లుల వెంట కాగితం చిరిగినట్టు. లాడాలు కొట్టించి ఎన్నాళ్లయింది?

షాద్‌నగర్ రైతు:
మూడు నెలలు దాటి ఉంటుంది. ఊడిపోలేదు కదా అని కదిలించలేదు.

లాడాలవారి అబ్బాయి:
సగం జవాబు అందులోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి లాడం విప్పి, పెరిగిన గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. లాడం ఊడకపోయినా దాని కింద గిట్ట పెరుగుతూనే ఉంటుంది. ముందు భాగం పొడవైపోయి, అడుగు తీసిన ప్రతిసారీ పెంకును బయటికి లాగుతుంది. పెచ్చులు రాలేది అందుకే. తీయించేటప్పుడైనా దగ్గర నిలబడి చూడండి. గిట్ట బయట వంచిన మేకు కొనలను ముందుగా నిటారు చేయాలి, లేదా ఆకురాయితో అరగదీయాలి. ఆ తర్వాత మేకులు ఒక్కొక్కటిగా తీయాలి. పటకారు పెట్టి ఒక్క గుంజుకు లాడం పీకితే, మేకుతో పాటు అరచేతి వెడల్పు పెంకు ఊడి రావడం నేను చూశాను.

కోటలూ గుర్రాలూ:
అసలు లాడం అవసరమా అన్నది మొదటి ప్రశ్న. గ్రీకు సేనాని జెనోఫోన్ కాలంలో మేకులు కొట్టే లాడాలు లేవు. గిట్టలు గట్టిపడడానికి గుర్రాన్ని గుండ్రాళ్ల మీద నిలబెట్టమన్నాడాయన. మన పాడేరు కొండల్లో బరువులు మోసే గుర్రాలను చూడండి, చాలావాటికి లాడమే ఉండదు. రాజస్థాన్ మార్వాడీ జాతి గుర్రాల గిట్ట పుట్టుకతోనే గట్టిది. మనిషే దాన్ని ఇనుముకు బానిసను చేశాడు.

లాడాలవారి అబ్బాయి:
పాడేరులో గుర్రం మట్టి మీద నడుస్తుంది. ఊరేగింపు గుర్రం బ్యాండు మేళం ముందు తారురోడ్డు మీద గంటల తరబడి గంతులేస్తుంది. రెండూ ఒకటేనా?

కోటలూ గుర్రాలూ:
నేను సూత్రం చెప్పాను. లాడాలు తీసి వదిలేసిన గుర్రాలు గట్టిపడినవి ఎన్నో ఉన్నాయి.

పాత సవారి:
లాడం తీయడం వేరు, లాడం లేకుండా నడిచేలా గిట్టను తయారు చేయడం వేరు. మొదటిది పావుగంట పని. రెండోది నెలల పని. తీసేశాక అంచు గుండ్రంగా చెక్కకపోతే పగులు ఇంకా పైకి పాకుతుంది.

కోటలూ గుర్రాలూ:
రెండింటినీ జనం ఒకే మాటతో అంటారు.

పాత సవారి:
అందుకే జనం గుర్రాలు కుంటుతాయి.

పశువైద్య విద్యార్థి:
మాటల పంచాయితీ తర్వాత చూద్దాం. రైతుగారూ, ఇవి చెప్పండి. నిలువు పగులు నేల వైపు నుంచి పైకి పోతోందా, వెంట్రుకలు ఆగే అంచు నుంచి కిందికి దిగుతోందా? రెండోదైతే పెరిగే చోటే దెబ్బ తగిలినట్టు. కుంటుతోందా? నిలబడినప్పుడు ముందు కాళ్లు చాచి, బరువు వెనక్కి వేస్తోందా? మేత ఏమిటి?

షాద్‌నగర్ రైతు:
పగులు కింది నుంచే. కుంటడం లేదు, ఆచితూచి అడుగేస్తోంది. మలుపు తిరగాలంటే మొరాయిస్తోంది. కాళ్లు కాస్త ముందుకు పెట్టి నిలబడుతోంది, సిమెంటు నేల కదా, అందుకే అనుకున్నాను. ఎండుగడ్డి, నానబెట్టిన ఉలవలు, తవుడు. ఆ మధ్య రాత్రిపూట కట్టు విప్పుకుని నూకల బస్తా సగం ఖాళీ చేసింది. ఒకరోజు కడుపు ఉబ్బింది, తగ్గిపోయింది. గిట్టల గొడవ దాని తర్వాతే.

పశువైద్య విద్యార్థి:
ఇది మొదటే చెప్పవలసిన మాట. ఒక్కసారిగా అంత ధాన్యం పడితే లామినైటిస్ రావచ్చు. గిట్ట పెంకును లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి సడలిపోతాయి. ముదిరితే ఎముకే కిందికి తిరుగుతుంది. మీరు చెప్పిన నిలబడే తీరు, మలుపు దగ్గర నొప్పి, రెండూ అటే చూపిస్తున్నాయి. చేతితో తాకి గిట్టలు వేడిగా ఉన్నాయేమో చూడండి. గిట్టకు పైనున్న కీలు వెనక ఇరుపక్కలా వేళ్లు ఆనించండి. మామూలుగా అక్కడ నాడి దొరకడమే కష్టం. గట్టిగా కొట్టుకుంటుంటే లోపల వాపు ఉన్నట్టే.

ఊరేగింపు మానుకోండి. నడిపించవద్దు. సిమెంటు మీద ఇసుకో పొట్టో మందంగా పరచండి. ఉలవలు, తవుడు, నూకలు ఆపి ఎండుగడ్డి మాత్రమే పెట్టండి. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్యశాలను పిలవండి, గిట్టలకు పక్క నుంచి ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో అడగండి. అడుగు భాగం ఎంత మందం మిగిలిందో, ఎముక తిరిగిందో లేదో అందులో తెలుస్తుంది. లాడం ఉంచాలా తీయాలా అన్నది ఆ తర్వాత వైద్యుడూ లాడాలు కొట్టేవారూ కలిసి తేల్చాలి. ఇప్పుడు తీసి గట్టి నేల మీద నిలబెడితే పలుచబడిన అడుగు మీదే బరువంతా పడుతుంది. తీయవలసి వస్తే కింద మెత్తటి ఫోమ్ కట్టాలి.

వేపచెట్టు నీడ:
తవుడు మంచిదే కదా? తరతరాలుగా పెడుతున్నాం.

పశువైద్య విద్యార్థి:
తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ ఎక్కువగా పెడితే ఎముకలు బలహీనపడతాయి.

వేపచెట్టు నీడ:
అయితే మా తాతగారి గుర్రాలన్నీ ఎముకలు లేకుండానే పరుగెత్తాయా?

షాద్‌నగర్ రైతు:
నాడి కొట్టుకుంటోంది. పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు, అడ్వాన్సు కూడా తీసుకున్నాను.

పాత సవారి:
అడ్వాన్సు తిరిగి ఇవ్వండి. టీకా సంగతి ఇంకా చెప్పలేదు.

కోటలూ గుర్రాలూ:
ఆ గుర్రం మార్వాడీయేనా? చెవుల కొనలు లోపలికి తిరిగి ఉన్నాయా?

షాద్‌నగర్ రైతు:
డాక్టరుగారు వచ్చారు. టీకా వేశారు. ఎక్స్‌రేకు రాజేంద్రనగర్ తీసుకెళ్లమంటున్నారు, బండి మాట్లాడుతున్నాను. అందరికీ ధన్యవాదాలు.

లాడాలవారి అబ్బాయి:
బండిలో కింద ఇసుక పోయించండి. లాడాల మీద ఏమన్నారు?

ఒంగోలు గిత్త:
ఇక్కడే అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా ఎద్దుకు కుడి కాలి లాడం ఒకటి ఊడింది. రెండో కాలిది కూడా తీయించాలా, ఒక్కటే కొట్టిస్తే చాలా?

పాత సవారి:
ఫొటో పెట్టండి.