క్లోజప్ మ్యాట్ కొనాలా, చేయించుకోవాలా? వైజాగ్ వాళ్లు చెప్పండి

గ్రానైట్ బాధితుడు:
అందరికీ నమస్తే. ఉండేది ఎంవీపీ కాలనీ, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కార్డులు, కాయిన్లతో మ్యాజిక్ ప్రాక్టీస్ చేస్తుంటాను. ఇంట్లో అయితే మంచం మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటాను, అక్కడ అన్నీ బాగానే వస్తాయి. తీరా ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఏదైనా చూపించమంటే దొరికేది గ్రానైట్ డైనింగ్ టేబులో, గాజు టీపాయో. గ్రానైట్ మీద కార్డు పడిందంటే అతుక్కుపోతుంది, గోరు పెట్టి గీకినా ఓ పట్టాన లేవదు. బిళ్ల పెడితే ఆ చప్పుడుకి వంటింట్లో ఉన్న అత్తయ్య కూడా తిరిగి చూస్తుంది. స్ప్రెడ్ (పేకని ఒకే వరసలో పరచడం) సంగతి చెప్పక్కర్లేదు, సగం కార్డులు నేల మీదే.

వచ్చే నెల ఆఫీసు గెట్‌టుగెదర్ ఉంది, రుషికొండ వైపు రిసార్టులో. టేబుల్ దగ్గర కూర్చుని ఓ పావుగంట చెయ్యమన్నారు, నేనూ ఊపులో ఒప్పేసుకున్నాను. ఇలా దగ్గరగా కూర్చుని చూపించే మ్యాజిక్ కోసం టేబుల్ మీద పరిచే క్లోజప్ మ్యాట్లు, బయటి దేశం నుంచి వచ్చేవి చూస్తే ధర వేలల్లో ఉంది. పూర్ణా మార్కెట్‌లో గుడ్డ కొని ఇక్కడే చేయించుకుంటే సరిపోతుందా? వెల్వెట్ మంచిదా, ఫెల్ట్ (పీచుని నొక్కి చేసే గుడ్డ) మంచిదా? స్కూటీ మీద పట్టుకెళ్లేలా ఉండాలి, అదీ చూసుకుని చెప్పండి.

పాత రూపాయి:
తమ్ముడూ, అందరూ నీలాగే ముందు గుడ్డ గురించే అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కింద ఉండే రబ్బరు. కార్డు అంచు మీద వేలు నొక్కితే కింద ఉన్నది కొంచెం దిగాలి, అలా దిగితేనే కార్డు రెండో అంచు లేచి వేలికి అందుతుంది. నీ గ్రానైట్ దిగదు, పైగా నున్నటి రాయికీ కార్డుకీ మధ్య గాలి దూరే సందు కూడా ఉండదు, అందుకే ఆ అతుక్కోవడం. అలాగని మరీ మెత్తటి స్పాంజి వేసినా కష్టమే. చెయ్యి ఆనించిన చోటల్లా గుంట పడి స్ప్రెడ్ వంకర్లు పోతుంది, కప్పులు పెడితే ఓ పక్కకి ఒరుగుతాయి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందంలో, నొక్కితే దిగి వదలగానే వెంటనే పైకి వచ్చే రబ్బరు కావాలి. నియోప్రీన్ అంటారే, సముద్రంలో డైవింగ్ చేసేవాళ్ల సూట్లకి వాడేది, బయటి మ్యాట్లలో చాలావాటికి అడుగున ఉండేది అదే. రబ్బరు కాబట్టి అది టేబుల్‌ని పట్టుకుని కూర్చుంటుంది, జరగదు.

ఇక గుడ్డ. షాపులో అరచెయ్యి పెట్టి అటొకసారి ఇటొకసారి నిమిరి చూడు. ఒకవైపు నున్నగా వెళ్లి, రెండోవైపు చెయ్యిని ఆపి రంగు కూడా మారినట్టు కనిపిస్తే దానికి పొడుగాటి నూగు ఉన్నట్టు. వెల్వెట్ ఇలాగే ఉంటుంది. దాని మీద కాయిన్లు పెడితే చూడముచ్చటగా ఉంటుంది కానీ కార్డులు నూగుకి ఎదురెళ్లాల్సి వస్తే మొరాయిస్తాయి. ఇంట్లో వెల్వెట్ ముక్క ఉంటే, నువ్వు ఏ చేత్తో ఎటువైపు పరుస్తావో నూగు అటే వాలేలా తిప్పి వేసుకో. కొత్తగా కొనేటప్పుడు మాత్రం సోఫాలకి వేసే స్వెడ్ లాంటి పొట్టి నూగు గుడ్డ తీసుకో, కార్డులకీ కాయిన్లకీ రెండింటికీ పనికొస్తుంది. చవక ఫెల్ట్ జోలికి వెళ్లకు. నాలుగు రోజులు వాడేసరికి ఉండలు కట్టి, ఆ పీచంతా కార్డులకి అంటుకుంటుంది.

సైజు సంగతికొస్తే, బజార్లో మామూలుగా వచ్చే పెద్దవి 16 అంగుళాలు బై 23, చిన్నవి 11 బై 16. పేక మొత్తం తిన్నగా పరుస్తావనుకో, కార్డు వెడల్పు రెండున్నర అంగుళాలు. 16 అంగుళాల మ్యాట్ మీద రెండు చివర్లా కాస్త చోటు వదిలితే ఒక్కో కార్డు ఆరేడు మిల్లీమీటర్లే బయటికి కనిపిస్తుంది, అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అదే 23 అయితే దాదాపు సెంటీమీటరు చొప్పున వస్తుంది. పేకంతా పరిచి చూపించే ఐటమ్ ఉంటే పెద్దదే కావాలి. నాలుగు కాయిన్లు, ఓ పది కార్డులతో సరిపెట్టేవాడివైతే చిన్నది స్కూటీ డిక్కీలో దర్జాగా పడుతుంది.

అక్కయ్యపాలెం అబ్బాయి:
ఇంత ఆలోచన దేనికి బ్రో, కంప్యూటర్ గేమ్స్ ఆడేవాళ్లు వాడే పెద్ద మౌస్‌ప్యాడ్ తెచ్చుకో. 90 సెంటీమీటర్లు బై 40, అడుగున రబ్బరు, పైన సన్న నేత గుడ్డ. డాబాగార్డెన్స్‌లో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఉంటుంది. బొమ్మలు లేనిది చూసుకో చాలు, డ్రాగన్ మీద కార్డులు పరిస్తే జనం డ్రాగన్‌నే చూస్తారు. కార్డులు దాని మీద భలే పరుచుకుంటాయి. కాయిన్ల చప్పుడు మాత్రం స్వెడ్ మీద తగ్గినంత తగ్గదు. దాని మీద టీ ఒలికినా పర్లేదు, ఉతికి ఆరేసుకోవచ్చు.

తోలుసంచి:
మౌస్‌ప్యాడ్ మంచి సలహానే. కానీ 90 సెంటీమీటర్లు ఎక్కువని మధ్యకి కోస్తే, కోసిన వైపు కుట్టు ఉండదు కాబట్టి కొన్నాళ్లకి మూల దగ్గర గుడ్డ లేవడం మొదలవుతుంది. కోసేవాళ్లు మూలల్ని గుండ్రంగా తీయండి, కొంత నయం. కత్తెర వద్దు. స్టీల్ స్కేలు గట్టిగా అదిమి పట్టి, కొత్త బ్లేడు వేసిన కటర్‌తో రెండు మూడు తేలిక గీతల్లో కోయాలి, ఒక్క దెబ్బకి తెగాలని బలం పెడితే రబ్బరు సాగి అంచు వంకర పోతుంది.

నువ్వే చేసుకుంటానంటే జిగురు దగ్గర జాగ్రత్త. మామూలు తెల్ల ఫెవికాల్ నీళ్లది, అది గుడ్డలోంచి పైకి ఊరి ఆరాక పెంకు కడుతుంది, వేలికి గరగరా తగులుతుంది. రెగ్జిన్ పనివాళ్లు వాడే ఎస్ఆర్ రకం ఫెవికాల్, అంటే రబ్బరు జిగురు తీసుకో. రబ్బరుకీ గుడ్డ వెనక వైపుకీ రెండింటికీ పల్చగా రాసి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండేదాకా ఓ పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు ఒక చివర నుంచి చపాతీ కర్రతో నొక్కుకుంటూ రావాలి. మొత్తం ఒకేసారి పడేశావంటే లోపల గాలి బుడగలు, మళ్లీ ఊడదీయడం నీ వల్ల కాదు. ఆ జిగురు వాసన తలకెక్కుతుంది, బాల్కనీలో చేసుకో, దగ్గర్లో దీపం గానీ స్టవ్ గానీ లేకుండా చూసుకో. ఇవన్నీ ఎవడు పడతాడు అనుకుంటే కారు సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గరికి గుడ్డ, రబ్బరు పట్టుకెళ్లు, వాళ్లకిది చిటికెలో పని. మామూలు టైలర్ మిషన్‌కి ఆ మందం ఎక్కదు. అంచుకి పైపింగ్ వేస్తానంటారు, అందంగా ఉంటుందంటారు, వద్దని గట్టిగా చెప్పు. గట్టులా లేచిన ఆ అంచుకి కార్డులు తట్టుకుంటాయి. పైగా టేబుల్ దగ్గర కూర్చుని, స్లైడినీ అనే మెజీషియన్ పద్ధతిలో చేసేవాళ్లకి తమవైపు అంచు నున్నగా, టేబుల్ అంచుకి సరిగ్గా కలిసి ఉండాలి. ఎందుకో ఇక్కడ చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకి చెప్పను.

గ్రానైట్ బాధితుడు:
అందరికీ థ్యాంక్స్. పాత రూపాయి అన్నా, నాది కాయిన్లు ఎక్కువ, చివర్లో ఒక్కసారి స్ప్రెడ్ ఉంటుంది. ఇంకో డౌటు. బీచ్ పక్కన అంటున్నారు, బయట లాన్‌లో టేబుళ్లు వేస్తారట. ఆ చెమ్మకి మ్యాట్ ఏమైనా అవుతుందా? రంగు నలుపు తీసుకుందామనుకుంటున్నాను, ఓకేనా?

బీచ్‌రోడ్ గారడీ:
చెమ్మకి మ్యాట్‌కేం కాదు, అయ్యేది నీ పేకకి. కాగితం కార్డులు ఈ ఊరి గాలికి తేమ పీల్చుకుని విల్లులా వంగుతాయి, వంగిన పేక ఎంత ఖరీదైన మ్యాట్ మీదైనా సరిగ్గా పరుచుకోదు. చేసే నిమిషం దాకా పెట్టెలోంచి తీయకు. సముద్రం గాలికి పైకార్డు ఎగిరే టేబుల్ అయితే స్ప్రెడ్ మానేసి కాయిన్లతో ముగించు.

అసలు నేను మ్యాటే వాడను. నిలబడి, నలుగురి మధ్య తిరుగుతూ చేస్తాను, కాయిన్ వాళ్ల అరచేతిలోనే పెడతాను. ఎదుటివాళ్ల ముందు గుడ్డ పరిచామంటే ఇక్కడేదో మతలబు ఉందని మనమే చెప్పినట్టు అవుతుంది. మన గారడీవాళ్లు ముంతలు, బంతుల ఆట నేల మీద కూర్చుని, ఏ గుడ్డ ఉంటే ఆ గుడ్డ మీద ఆడేవాళ్లు కదా, వాళ్లకి నియోప్రీన్ ఎవరిచ్చారు?

పాత రూపాయి:
గురూ, ఏ గుడ్డ ఉంటే ఆ గుడ్డ అన్నావు గానీ, గుడ్డ లేకుండా మాత్రం వాళ్లూ ఆడలేదుగా! వట్టి సిమెంటు మీద ఇత్తడి ముంత పెడితే ఊరంతా వినిపిస్తుంది. నిలబడి చేసేదానికి నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇతన్ని టేబుల్ దగ్గర కూర్చోబెడుతున్నారు. అక్కడ మ్యాట్ వల్ల ఇంకో లాభం ఉంది, జనం కళ్లు ఎక్కడ చూడాలో అది గీత గీసి చెప్పేస్తుంది, పక్కన కూర్చున్నవాడు ఆ చోటులో మోచెయ్యి, జ్యూస్ గ్లాసు పెట్టడు.

తమ్ముడూ, కాయిన్లు ఎక్కువంటున్నావు కాబట్టి నీది స్వెడ్ కేసే. ఏ బిళ్లలు వాడుతున్నావో చెప్పలేదు. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, చేతిలో నిలుస్తుంది గానీ దూరం నుంచి ఆనదు. కురుపాం మార్కెట్ వెండి షాపుల్లో ఎప్పుడైనా విక్టోరియా, జార్జి బొమ్మల పాత వెండి రూపాయిలు కనిపిస్తే అడిగి చూడు. అవి 30.5 మిల్లీమీటర్లు, అమెరికావాళ్లు వాడే హాఫ్ డాలర్ 30.6, అంటే వాళ్ల ఐటమ్స్ అన్నీ కొలత మార్చకుండా చేసుకోవచ్చు. వెండి ధర చూసి గుండె గట్టి చేసుకుని వెళ్లు.

కెమెరా వెనక:
రంగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఆఫీసు ఫంక్షన్ అంటే పదిమంది ఫోన్లు పట్టుకుని తీస్తారు. నల్ల మ్యాట్ ఫ్రేమ్ అంతా ఆక్రమిస్తే ఫోన్ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో కార్డులు తెల్లగా వెలిసిపోయి అంకెలు కనిపించవు. ముదురు ఆకుపచ్చ గానీ బూడిద రంగు గానీ తీసుకో. నలుపు మీద ప్రతి దుమ్ము, ప్రతి వెంట్రుక కనిపించడం ఇంకో తలనొప్పి. ఎర్ర వెనకల పేక వాడేవాడివైతే ఎర్ర మ్యాట్ మాత్రం వద్దు, రెండూ కలిసిపోతాయి.

గ్రానైట్ బాధితుడు:
సరే, ఈ ఫంక్షన్‌కి డాబాగార్డెన్స్ మౌస్‌ప్యాడ్, బూడిద రంగుది. ప్రాక్టీస్ కూడా ఇవాళ్టి నుంచి దాని మీదే. తర్వాత తీరిగ్గా ఆకుపచ్చ స్వెడ్ తెచ్చి సీటు కవర్ల వాళ్లకి ఇస్తాను, పైపింగ్ లేకుండా. స్కూటీ మీద తీసుకెళ్లేటప్పుడు చుట్టాలా, మడవాలా?

తోలుసంచి:
మడవకు, మడత గీత ఇక పోదు. గుడ్డ వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టు, అప్పుడు పరిచినప్పుడు అంచులు కిందికి వంగి టేబుల్‌ని పట్టుకుంటాయి. లోపలికి చుట్టావంటే అంచులు పైకి లేచి కూర్చుంటాయి. ఎండలో డిక్కీలో వదిలెయ్యకు, జిగురు కరిగితే మళ్లీ నా దగ్గరికే వస్తావు.