ఓపెరా విండోకి ‘గవాక్షం’ సరిపోతుందా?

ప్రశ్న: పాత అమెరికన్ కార్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1970ల కూపేల్లో (రెండు తలుపుల కార్లలో) వెనక సీటు పక్కన చిన్న అలంకారపు అద్దం ఉంటుంది, దాన్ని ఓపెరా విండో అంటారు. ‘గవాక్షం’ అనొచ్చా? ‘సంగీతనాటక కిటికీ’ అన్నారొకరు, నాకు మనసొప్పలేదు.

జవాబు: మనసొప్పకపోవడమే మంచిదండీ. అక్కడ ఓపెరా అన్నది సంగీతం కోసం కాదు, బండి దిగి ఓపెరాకి వెళ్లే కలవారి దర్జా కోసం. ఇక గవాక్షమంటే గోవు కన్ను. 1972 లింకన్ కాంటినెంటల్ మార్క్ 4కి ఆ మాట అచ్చంగా అతుకుతుంది, దానిది కోలగా ఉండే అద్దం. 1976లో వచ్చిన డిజైనర్ సిరీస్‌లోనైతే కార్తియే, జివాన్షీ, పూచీ, బిల్ బ్లాస్ అనే నగల, ఫ్యాషన్ సంస్థల పేర్లు సంతకాల్లా ఆ అద్దం మీదే వేశారు. కానీ 1975 క్రైస్లర్ కార్డోబాది నిలువుగా, సన్నగా ఉంటుంది. దాన్ని గోవు కన్ను అనలేం.

పోనీ ‘వెనక మూల అద్దం’ అందామా అంటే 1977 ఫోర్డ్ థండర్‌బర్డ్ అడ్డొస్తుంది. అందులో ఇది తలుపు వెనకే ఉన్న వెడల్పాటి నడిమి స్తంభంలో ఉంది, దాని వెనక మళ్లీ పెద్ద పక్క అద్దం. ఆకారమూ చోటూ రెండూ మారుతున్నాయి కాబట్టి పేరు ‘ఓపెరా విండో’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘తెరుచుకోని చిన్న అలంకారపు పక్క అద్దం’ అని వివరించండి. ‘కిటికీ’ కన్నా ‘అద్దం’ నయం. కారులో మనం అద్దం దించమంటాం గానీ కిటికీ తీయమనం.

జవాబు: ఒక్కటి చేరుస్తాను. 1956 థండర్‌బర్డ్ ఊడదీసే హార్డ్‌టాప్‌లో (గట్టి పైకప్పులో) గుండ్రటి అద్దం ఉంది చూడండి, దాన్ని ఈ పేరుతో కలపొద్దు. 1955 టాప్‌కి పక్కలు పూర్తిగా మూసి ఉండడంతో డ్రైవరుకి వెనక పక్కన వచ్చే బండి కనిపించేది కాదు. చూపు కోసం పెట్టిందది. ‘ఓడ కిటికీ’ అంటే చాలు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరమ్మతు భాగంలో వినైల్ రూఫ్, లీక్ అని వస్తున్నాయి. వాటికి?

జవాబు: వినైల్ రూఫ్‌ని ‘రెగ్జిన్ కప్పు’ అంటే అందరికీ తెలుస్తుంది. లీక్‌ని మాత్రం ‘కారడం’ అనకండి, అర్థం తప్పుతుంది. అద్దం చుట్టూ ఉన్న మెరుపు పట్టీ సందులోంచి దిగిన నీళ్లు చాలాసార్లు లోపలికి కారవు. రెగ్జిన్ కింద చెమ్మగా నిలిచి రేకుని తింటాయి. పైకి కనిపించేది అద్దం కింది అంచున ఉబ్బు, వేలితో నొక్కితే కరకర. అందుకే ‘చెమ్మ పట్టడం’ అనండి.

పనుల వరస కూడా తారుమారు కానివ్వకండి. ముందు లోపలి ప్యానెల్, పట్టీ, అద్దం తీయాలి. రెగ్జిన్ లేపి, తుప్పు తిన్న రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ అనే అడుగు పూత వేయాలి. తుప్పు మీదే పుట్టీ పెడితే మళ్లీ ఉబ్బుతుంది. తర్వాత కొత్త రెగ్జిన్‌ని అతికించి, దాని అంచుని అద్దం కూర్చునే రంధ్రం లోపలికి మడవాలి. ఆపైనే బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా సందు మూసే జిగురు పట్టీ), అద్దం, మెరుపు పట్టీ. అద్దం ముందే బిగించి రెగ్జిన్‌ని దాని అంచు దాకా కోసి వదిలేస్తే, ఎండకి ముడుచుకుని సందు తెరుచుకుంటుంది. లోపలి ప్యానెల్ బిగించేముందు గొట్టంతో నీళ్లు కొట్టి చూడాలన్న వాక్యాన్ని కూడా వదలకండి.